కిక్రి తయారీ: ఏ కట్టె, ఏ తోలు, గుర్రపు వెంట్రుక ఎక్కడ దొరుకుతుంది?

రాజురా_చెక్కపని
అందరికీ నమస్కారం. నాది రాజురాలో ఫర్నిచర్ పని. మంచాలు, తలుపులు, దేవుడి మందిరాలు చేస్తాను. వాయిద్యాల జోలికి ఎప్పుడూ పోలేదు. మొన్న జీవతి గుట్టల నుంచి ఒక ప్రధాన్ (గోండుల కథలు పాడేవాళ్ళు) పెద్దాయన కొడుకును వెంటబెట్టుకొని వచ్చి పాత కిక్రి ఒకటి నా బల్ల మీద పెట్టాడు. కమానుతో వాయించే మూడు తీగల వాయిద్యం అది. మా చంద్రపూర్ వైపు కింగ్రీ అని కూడా అంటారు. డొక్క కింది భాగం నిలువునా చీలింది, లోపల పుప్పి పట్టింది. అదే కొలతతో కొత్తది చెయ్యమంటున్నారు. పుష్యమాసంలో పెన్ (గోండుల దేవుడు) పూజకు చేతిలో ఉండాలట.

చూసింది చూసినట్టు రాస్తున్నా. డొక్క, మెడ ఒకే దుంగలోంచి తీశారు, ఎక్కడా అతుకు లేదు. డొక్క నలుపలక పెట్టెలా ఉంటుంది. ముందు వైపు నుంచి తొలిచారు. లోపల ఉలి దెబ్బలు అలాగే ఉన్నాయి, శాండ్ పేపర్ ముట్టిన జాడ లేదు. మూతికి మేక తోలు, అంచు చుట్టూ వెదురు మేకులు. తోలు విప్పి చూస్తే పాత మేకుల రంధ్రాలు ఒక వరుస పక్కన ఇంకో వరుస, దాని పక్కన మరో వరుస. అంటే తోలు చాలాసార్లు మారింది, కట్టె మాత్రం అదే. తీగలు మూడు. మూడూ గుర్రపు వెంట్రుకల కట్టలే, లోహం అన్నదే లేదు. పైన తీగలు బిగించే బిరడాలు మూడు. కమాను వంచిన కర్ర, దానికీ గుర్రపు వెంట్రుకే, బిగించే మర లేదు. మెడ మీద బొటనవేలు ఆనే చోట కట్టె లోపలికి అరిగి నున్నగా మెరుస్తోంది.

ఏ కట్టె తీసుకోవాలి? తోలు దుకాణంలో దొరికేది పనికొస్తుందా? గుర్రపు వెంట్రుక ఈ రోజుల్లో ఎవరిస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

బల్లార్షా_వయొలిన్
అన్నా, మంచి పని పట్టావు. నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను. నా సలహా ఒకటే. ఎలాగూ కొత్తది చేస్తున్నారు కాబట్టి స్టీలు తీగలు వేసి, మెడకు నల్ల కర్ర ఫింగర్‌బోర్డు పెడితే శృతి నిలబడుతుంది, శబ్దం కూడా పెద్దగా వస్తుంది. గుర్రపు వెంట్రుక తీగలు గంటకోసారి దిగిపోతాయి. స్టేజీ మీద మైకు ముందు చాలా ఇబ్బంది.

జీవతి_కుర్రాడు
స్టేజీ ఎక్కడుంది సార్? ఇది మా ఇళ్ళలో వాయించేది. నేనూ ప్రధాన్ కుటుంబం వాడినే. మా తాత రాత్రంతా ఒక సగ (గోండు వంశాల గుంపు) కథ పాడేవాడు. పాడుతూ వాయిస్తాడు, గొంతు ఎక్కడికి పోతే కిక్రి అక్కడికి పోతుంది. శృతి కూడా ఆ రాత్రి ఆయన గొంతు ఎలా ఉంటే అలాగే. పెద్ద శబ్దం కావాలంటే డోలు ఉంది, ఊదే పెప్రే ఉంది. కిక్రి శబ్దం పెరిగితే మాట వినపడదు, మాట వినపడకపోతే కథ ఎందుకు?

ఇంకోటి. మా ఇంట్లో దాన్ని నేల మీద పెట్టనిచ్చేవాళ్ళు కాదు, దూలానికి వేలాడదీసేవాళ్ళు. రాజురా అన్నా, మీ దుకాణంలో కూడా కింద పెట్టకండి, పెద్దాయన చూస్తే బాధపడతాడు.

రాజురా_చెక్కపని
మేకుకు తగిలించాను తమ్మీ. పెద్దాయన కూడా అదే చెప్పి వెళ్ళాడు.

కిన్వట్_మాస్టారు
తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. రాజ్‌గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుంటాయి. ప్రతి సగకూ తన పుట్టుక కథ ఉంది. ఆ కథలు దాచి పెట్టుకొని, పెన్ పూజల్లో, పెళ్ళిళ్ళలో, చావు కర్మల్లో పాడేది ప్రధాన్లు. తెలంగాణ వైపు తోటీలు కూడా ఇదే పని చేస్తారు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర చేసే మెస్రం వంశం ఏడు అన్నదమ్ముల సగలోది. పాడినవాళ్ళకు గోండు యజమాని ధాన్యం, బట్టలు, కొన్నిసార్లు పశువును ఇచ్చేవాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం తగ్గేకొద్దీ కిక్రి కూడా తగ్గింది. వాయిద్యం దానంతటది పోలేదు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల మధ్యకు పంపింది కదా. మార్లవాయిలో ఇల్లు వేసుకొని ఉన్న ఆయన ఈ ప్రధాన్ల పాటలూ కథలూ రాయించుకున్నాడు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లో సోయాస్ విశ్వవిద్యాలయం దగ్గరున్నాయి. పాత వాయిద్యాల ఆకారం చూడాలనుకున్నవాళ్ళకు అవి పనికొస్తాయి.

ఇక కింగ్రీ ఎలా పుట్టిందంటే గోండులు హీరాసుకా పాటాలీర్ పేరు చెబుతారు. గోందియా జిల్లా సాలెకసా తాలూకా కచార్‌గఢ్ గుహలో బందీలైన పిల్లలను విడిపించడానికి ఆయన కింగ్రీ వాయించాడనీ, గుహ మూతి మీది రాయి దొర్లి దాని కిందే ప్రాణం వదిలాడనీ కథ. ఇప్పటికీ మాఘ పున్నమికి అక్కడ జాతర జరుగుతుంది. మధ్యప్రదేశ్‌లో మండ్లా, డిండోరీ వైపు ప్రధాన్ల దగ్గర ఇలాంటిదే మూడు తీగల బానా ఉంది. అందులో వాళ్ళ పెద్ద దేవుడు బడాదేవ్ ఉంటాడని నమ్మకం. అందుకే జీవతి అబ్బాయి దూలానికి వేలాడదీస్తాం అంటే నాకు వింతగా అనిపించలేదు.

సిరొంచ_కట్టెల_డిపో
మాస్టారూ, క్లాసు బాగుంది కానీ వడ్రంగి ముందు కట్టె అడిగాడు.

రాజురా అన్నా, మన దగ్గర ఎవరైనా ముందు టేకే అంటారు. అయోధ్య గుడి తలుపులకు 2023లో మన బల్లార్షా డిపో నుంచే టేకు పోయింది, ఆ గర్వం మనకుంది. కానీ దీనికి టేకు నా లెక్కలో రెండో ఎంపికే. బరువు ఎక్కువ, పైగా నూనె గుణం ఉంటుంది కాబట్టి జిగురు సరిగ్గా పట్టదు. గుమ్మడి టేకు తీసుకో. మరాఠీలో శివణ్ అంటారు. తేలిక, ఉలికి మెత్తగా తెగుతుంది, ఒకసారి ఆరిందంటే మెలి తిరగదు. డోళ్ళు చేసేవాళ్ళు దాని కోసమే వస్తారు. నీ దగ్గరున్న పాత డొక్క తిరగేసి చూడు, లేత పసుపు రంగు ముదిరి గోధుమకు వచ్చి ఉంటే అది కూడా గుమ్మడి టేకే కావచ్చు.

నిర్మల్ బొమ్మల పొనికి కట్టె గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. బొమ్మకు బంగారం, దీనికి పనికిరాదు. మరీ మెత్తన. బిరడా నాలుగుసార్లు తిప్పితే రంధ్రం వదులైపోతుంది.

దుంగ ఎంచుకునేటప్పుడు నడిమి గుజ్జు అందులో పడకుండా చూసుకో. చీలిక ఎప్పుడూ అక్కడి నుంచే బయలుదేరుతుంది. నీకొచ్చిన పాతది కింద నిలువునా చీలిందన్నావు, ఒకసారి అడుగు వైపు వలయాలు చూడు.

రాజురా_చెక్కపని
చూశాను. నువ్వన్నదే నిజం, గుజ్జు సరిగ్గా అడుగు మధ్యలో ఉంది, చీలిక అక్కడి నుంచే పాకింది. కట్టె రంగు కూడా నువ్వు చెప్పినట్టే. ఒక రైతు చేనుగట్టున కొట్టిన గుమ్మడి టేకు దుంగ, కొట్టి రెండేళ్ళు దాటింది, మా వెనక షెడ్డులో ఉంది. చివరలకు రంగు పూసి పెట్టాను కాబట్టి పగల్లేదు. దాన్నే చీల్చి గుజ్జు పక్కకు పోయేట్టు తీసుకుంటున్నా.

డొక్క గోడ మందం ఎంత ఉంచాలి? పాతదాంట్లో పక్క గోడలు చిటికెనవేలు మందం, వెనక అడుగు అంతకన్నా పల్చన.

బల్లార్షా_వయొలిన్
అలాగే ఉంచు. మెడ కలిసే మూల దగ్గర మాత్రం కండ వదిలెయ్, బలమంతా అక్కడే పడుతుంది.

స్టీలు తీగల మాట ఇంకోసారి ఎత్తుతాను, కోప్పడొద్దు. అది పెడితే ఏమవుతుందో సాంకేతికంగా ఎవరైనా చెప్పగలరా?

చంద్రపూర్_ఐటీఐ
నేను చెప్తాను. వయొలిన్ నాలుగు తీగలూ కలిపి లాగే బలం 20 కిలోలకు పైనే. అంత లాగుడును చెక్క పైకప్పు, దాని కింద నిలబెట్టిన కర్ర, జిగురుతో అతికిన పక్కలు కలిసి మోస్తాయి. కిక్రికి పైకప్పు మేక తోలు. బ్రిడ్జి దాని మీదే కూర్చుంటుంది. గుర్రపు వెంట్రుక తీగ వదులుగా ఉండగానే పలుకుతుంది కాబట్టి తోలు మీద భారం తక్కువ. అక్కడ స్టీలు బిగిస్తే బ్రిడ్జి లోపలికి దిగుతుంది, కొన్నాళ్ళకు తోలు గుంట పడుతుంది, మెడ ముందుకు వంగుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉంటుంది యవ్వారం.

శబ్దం సంగతి కూడా అదే. ఒక్క తీగ కాకుండా వెంట్రుకల కట్ట మీద వెంట్రుకల కమాను రాసుకుంటోంది. అన్ని వెంట్రుకలూ ఒకే బిగువులో ఉండవు, అందుకే ఆ బొంగురు, ఆ ఊపిరి లాంటి గరగర. స్టీలు వేస్తే వచ్చేది మామూలు పిడేలు గొంతే. రాజస్థాన్‌లో కథలు పాడే భోపాలు కమానుతో వాయించే రావణహత్తాలో కూడా వాయించే రెండు తీగల్లో ఒకటి స్టీలుదైనా రెండోది గుర్రపు వెంట్రుకదే ఉంచుకున్నారు.

బల్లార్షా_వయొలిన్
20 కిలోలు అన్నాక ఇక నేను అడగను. తోలు సంగతి చూడండి.

అహేరి_డప్పు
తోలు మాట నేను చెప్తా. దుకాణంలో దొరికే చర్మం, అదే చెప్పులకు, బ్యాగులకు శుద్ధి చేసింది, వద్దే వద్దు. అది సాగుతుంది. మనకు కావాల్సింది పచ్చి తోలు. ఆరితే గట్టిగా బిగుసుకునేది. ముసలి మేకపోతుది మందం, పలకదు. చిన్న వయసు ఆడమేకది పల్చగా ఒకే తీరుగా ఉంటుంది. వెన్ను గీత అడ్డం రాకుండా పక్క భాగం తీసుకోవాలి.

సున్నం నీళ్ళలో నానేసి వెంట్రుక వదిలాక గీరాలి. నేను బూడిదతో కూడా చేస్తాను, పని నెమ్మది కానీ తోలు చావదు. సున్నంలో ఎక్కువ రోజులుంచితే తోలు మెత్తబడి జీవం పోతుంది. లోపలి వైపు కొవ్వు పొర ఏమాత్రం మిగిలినా చోటుకో తీరు ఆరుతుంది, అక్కడ శబ్దం మొద్దుగా వస్తుంది. గీరేటప్పుడు దీపం ముందు పట్టుకొని చూడు, మచ్చలు తెలిసిపోతాయి.

తడిగా ఉన్నప్పుడే మూతి మీద వెయ్. డప్పుకు లాగినట్టు ప్రాణం పెట్టి లాగకు. ముడతలు పోయేంత చాలు, మిగతా బిగువు ఆరినప్పుడు అదే తెచ్చుకుంటుంది. ముందు నాలుగు మూలలా ఎదురెదురుగా మేకులు కొట్టు, తర్వాత మధ్యలో. అంచుకు చింతగింజల జిగురు రాయి. నీడలో ఆరనివ్వు. ఎండలో పెడితే అంచు ముందు ఆరి నడుమ చిట్లుతుంది.

గడ్చాందూర్_పోరడు
కాకా, ఉడుము తోలు వేస్తే ఇంకా బాగా పలుకుతుందట కదా? కంజిరాకు అదే వేసేవాళ్ళని విన్నాను.

నిర్వాహకులు
తమ్ముడూ, ఉడుము 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. వేటాడినా, తోలు దగ్గర పెట్టుకున్నా కేసు, జైలు. ఎక్కడ దొరుకుతుంది లాంటి మాటలు ఇక్కడ రాయొద్దు, రాస్తే తీసేస్తాం. కంజిరాలు కూడా చాలామంది మేక తోలుకు మారారు.

అహేరి_డప్పు
కిక్రికి అది అక్కర్లేదు కూడా. కంజిరా అరచేత్తో కొట్టేది, ఇది కమానుతో రాసి పలికించేది. రెండూ వేరు.

రాజురా_చెక్కపని
తోలు సంగతి తేలింది, అహేరి కాకా ఒక తోలు గీరి పంపిస్తానన్నాడు. ఇక అసలు చిక్కు వెంట్రుక. కట్టె మన ఊళ్ళోనే ఉంది, మేక ప్రతి ఆదివారం కోస్తారు. గుర్రం ఏది? టాంగాలు పోయి ఎన్నేళ్ళయింది. పెద్దాయన తీగలు కూడా నల్లబడి, సగం తెగి, ముడులు వేసి ఉన్నాయి. ఆయన కొడుకు చేపల నైలాన్ దారం వేద్దామంటే ఆయన మొహం మాడ్చుకున్నాడు.

జీవతి_కుర్రాడు
నైలాన్ మా బాబాయి వేశాడు అన్నా. కమాను పట్టు కోసం పూసే గుగ్గిలం దాని మీద నిలవదు, రాసిన కాసేపటికే జారిపోతుంది. కమాను గాజు మీద గీసినట్టు కీచుమంటుంది.

కిన్వట్_మాస్టారు
గుర్రాల కోసం మా నాందేడ్ జిల్లాకే రావాలి. లోహా తాలూకా మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది, మార్గశిరం చివర్లో. పశువుల సంతతో పాటు గుర్రాల సంత కూడా పెద్దది. నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో దత్త జయంతికి ఇంకా పెద్ద గుర్రాల సంత, కానీ మనకు చాలా దూరం. మాళేగావ్‌లో గుర్రాల తోకలు దువ్వి ముస్తాబు చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళను పట్టుకుంటే ఊడిన వెంట్రుక దొరుకుతుంది.

బల్లార్షా_వయొలిన్
అంతదాకా ఎందుకు? పెళ్ళి ఊరేగింపుల్లో నవర్‌దేవ్‌ను, అంటే పెళ్ళికొడుకును, ఎక్కించే గుర్రాల యజమానిని అడుగు, చంద్రపూర్‌లో ఉన్నారు. తోక కత్తిరిస్తానంటే మాత్రం కొట్టడానికి వస్తాడు, తోక అందమే గుర్రానికి రేటు. దువ్వినప్పుడు ఊడేవి కవరులో దాచిపెట్టమని, ఎంతో కొంత ఇస్తానని చెప్పు. పెళ్ళిళ్ళ సీజను మొదలైతే రోజూ దువ్వుతారు.

వయొలిన్ కమాను కట్టేవాళ్ళు మగ గుర్రం తోకే కావాలంటారు. ఆడ గుర్రానికి మూత్రం తోక మీద పడి వెంట్రుక పెళుసవుతుందని. తెల్లది సన్నగా, మెత్తగా పలుకుతుంది. నల్లది మోటు, పట్టు ఎక్కువ. కిక్రికి నల్లదే నయమని నాకనిపిస్తోంది. మా కమాను ఒక్కదానికే 150 నుంచి 200 వెంట్రుకలు పడతాయి. నీకు కమానుతో పాటు మూడు తీగలకు కూడా కావాలి, కాబట్టి ఎక్కువే అడుగు. తొందరైతే నాగ్‌పూర్ వాయిద్యాల దుకాణాల్లో కమాను వెంట్రుకల కట్ట దొరుకుతుంది, కానీ ఖరీదు.

చంద్రపూర్_ఐటీఐ
ఒక చిన్న మాట. తోక వెంట్రుక రెండున్నర అడుగులు వస్తే గొప్ప. తీగ అంతకన్నా పొడవు ఉండకూడదు, బిరడాకు చుట్టేది, కింద కట్టేది పోను మిగిలేదే పలికే భాగం. కిక్రి మెడ ఆ కొలతలో ఎందుకుందో అక్కడే తెలుస్తుంది. అన్నా, కొత్తదాని మెడ అందంగా ఉంటుందని పొడుగు చేయకు.

రాజురా_చెక్కపని
పాతదాన్ని కార్డుబోర్డు మీద పెట్టి గీత గీసుకున్నాను, వెంట్రుక వాసి కూడా దాటను.

రాయగడ_సుజాత
ఒడిశా వైపు నుంచి రాస్తున్నాను. మాది రాయగడ, పుట్టిల్లు గుణుపురం. ఇక్కడ నాథయోగులు కెందెరా వాయిస్తూ గోవిందచంద్రుడి పాట పాడుతూ ఇంటింటికీ వచ్చేవాళ్ళు. అది కూడా కమానుతో వాయించేదే, అందుకే ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను.

గుగ్గిలం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. అది సాల చెట్టు బంక. మీ చంద్రపూర్ అడవి టేకు అడవి కాబట్టి మీకు బజారు సరుకే గతి. మా వైపు సంతల్లో గిరిజనులే తెచ్చి అమ్ముతారు. పూజ సామాన్ల కొట్లో సాంబ్రాణి, గుగ్గిలం కలిపి పొడి అమ్ముతారు, అది తీసుకోకండి. గట్టి ముక్క కావాలి, విరిస్తే గాజులా పగలాలి, వేళ్ళ మధ్య నలిపితే అంటుకోకుండా పొడి కావాలి. మట్టి, బెరడు ఉంటే సన్న సెగ మీద కరిగించి పల్చటి గుడ్డలో వడకట్టి చిన్న చిప్పలో పోయండి. మంట నేరుగా తగలనివ్వకండి, అంటుకుంటుంది. నేను అరకిలో కొని పార్సిల్ చేస్తాను అన్నయ్యా, మీ చిరునామా మెసేజీలో పెట్టండి.

బల్లార్షా_వయొలిన్
అక్కా, వయొలిన్ కమానుకు రాసే రోజిన్ పైన్ జాతి చెట్ల బంక నుంచి వస్తుంది. పని ఒకటే. వెంట్రుక తీగను పట్టి లాగుతుంది, జారుతుంది, మళ్ళీ పడుతుంది. ఆ పట్టు విడుపుల మీదే శబ్దం. కొత్త వెంట్రుకకు గుగ్గిలం రాయకపోతే కమాను ఎంత లాగినా ఏమీ పలకదు, కొత్తగా చేసినవాళ్ళు వాయిద్యం పాడయిందని భయపడతారు. రాజురా అన్నకు ఆ టెన్షన్ రాకుండా ముందే చెప్తున్నా. తీగలకు, కమానుకు రెండింటికీ రాయాలి.

రాజురా_చెక్కపని
చాలా రోజుల తర్వాత వచ్చాను. డొక్క తొలవడం అయింది. గుమ్మడి టేకు వెన్నలా తెగుతుందన్నారు, నిజమే, కానీ మూలల్లో నార అడ్డం తిరిగిన చోట ఉలి కొరికింది. అక్కడ వంపు ఉలితో గీరుతూ పోయాను. లోపల నున్నగా చేద్దామనిపించింది కానీ పాతదాంట్లో లేదు కదా అని ఉలి దెబ్బలు అలాగే వదిలేశాను.

తోలు అహేరి కాకా పంపిందే. తడిగా వేసి నీడలో ఆరబెట్టాను. మర్నాడు వేలితో మీటితే డబ్‌మని లోతుగా పలికింది. పెళ్ళి గుర్రం ఆయన కవరు నిండా నల్ల వెంట్రుక ఇచ్చాడు, డబ్బులు వద్దన్నాడు, ఎందుకో చెబితే నవ్వాడు. షాంపూతో కడిగి, నీడలో ఆరేసి, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య లాగి చూసి గడ్డలు తగిలినవి తీసేశాం. సగానికి సగం పోయాయి. తీగలు పెద్దాయనే కట్టాడు. చివర నీళ్ళతో తడిపి, ముడి వేసి, ఒక చివర కొడుకు చేతికిచ్చి చాలా కొద్దిగా మెలి తిప్పాడు. ఎక్కువ తిప్పితే గొంతు మూసుకుపోతుందట.

బ్రిడ్జి నేను కొంచెం ఎత్తుగా చెక్కాను, ఆయన చాకుతో తనే కోసుకున్నాడు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. బిరడాలు జారుతున్నాయి. బిగించిన తీగ కాసేపటికే దిగుతోంది.

చంద్రపూర్_ఐటీఐ
బిరడా రంధ్రం, బిరడా రెండూ ఒకే వాలులో ఉన్నాయా చూడు. ఒక వైపే ఆనుతుంటే ఎంత నొక్కినా జారుతుంది. బిరడా మీద బొగ్గు రాసి తిప్పు, మసి అంటినచోటే ఆనుతోందని అర్థం. అక్కడ సన్నగా గీరు. రెండు వైపులా మసి అంటేదాకా చేసి, ఆ తర్వాత సుద్ద పొడి రాయి. సబ్బు రాయకు, ఇంకా జారుతుంది.

రాజురా_చెక్కపని
మసి ఒక వైపే అంటింది. సరిచేశాను, ఇప్పుడు నిలబడుతోంది. కమాను కూడా అయిపోయింది.

అహేరి_డప్పు
పూజ చలికాలంలో కాబట్టి తోలు బిగువుగానే ఉంటుంది. మృగశిర దాటి ముసురు పట్టాక వదులవుతుంది, అప్పుడు పొయ్యికి దూరంగా పట్టి కాస్త వెచ్చబెట్టాలి. డప్పులా మంట దగ్గర పెడితే జిగురు ఊడుతుంది. వెంట్రుక కూడా తేమకు సాగుతుంది, వాయించనప్పుడు తీగలు దించి పెట్టమని చెప్పు.

పూణే_నుంచి_సతీష్
ఈ చర్చ వెతుకుతుంటే దొరికింది. మా ఫ్లాటు హాల్లో గోడకు పెట్టుకోవడానికి ఇలాంటిది ఒకటి కావాలి, ఎంతకిస్తారు?

జీవతి_కుర్రాడు
సార్, గోడకు కావాలంటే తీగలు లేకుండా బొమ్మలా చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను అడగండి. ఇది మా పెద్దాయన కోసం చేసింది. వాయించడం నేర్చుకోవాలని ఉంటే చెప్పండి, జీవతికి రండి, కూర్చోబెట్టి నేర్పిస్తారు.

సిరొంచ_కట్టెల_డిపో
రాజురా అన్నా, కూలి ఏమైనా తీసుకున్నావా లేదా?

రాజురా_చెక్కపని
తీసుకున్నాను, రెండు తలుపుల కూలి లెక్కన. పెద్దాయనే ఇచ్చి తీరతానన్నాడు. ఇప్పుడు ఆయన తమ్ముడు కూడా ఒకటి అడుగుతున్నాడు. దుంగలో ఇంకో ముక్క ఉంది, తోలు కాకా ఇస్తాడు, గుగ్గిలం సుజాత చెల్లెలు పంపిందే చాలా మిగిలింది. నల్ల గుర్రపు వెంట్రుక రెండున్నర అడుగులకు తగ్గకుండా ఎవరి దగ్గరున్నా చెప్పండి, మాళేగావ్ పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందే ఒక మాట వెయ్యండి.